స్కేవా డాలుకి 120 చిల్లులు ఎందుకు పడ్డాయి?

మా పిన్ని కొడుకు ఎస్సై ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. ఈమధ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. వెనకాల ఢమఢమ మోత, తెర మీద తూట్లు పడ్డ డాలు, కింద తెలుగు అక్షరాలు: ‘కన్ను పోయింది, తొడలో దిగింది, భుజంలో దిగింది, డాలుకి 120 చిల్లులు పడ్డాయి. అయినా ఆ రోమన్ సైనికుడు గుమ్మం వదల్లేదు. నువ్వు మాత్రం నొప్పి అని ఇంట్లో పడుకుంటావా?’ మావాడికి నిజంగానే మోకాలి కింద ఎముక పొడుగునా నొప్పి. డాక్టరు రెండు వారాలు పరుగు ఆపమన్నాడు. ఈ వీడియో చూసిన మర్నాడు పొద్దున్నే గ్రౌండ్‌కి పోయి 1600 మీటర్లు పరిగెత్తి వచ్చి, మళ్ళీ గ్రూపులో కండలు చూపించే ఎమోజీ పెట్టాడు. పెద్దవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. రోమన్ చరిత్ర నాకు చాలా ఏళ్ళుగా ఇష్టమైన కాలక్షేపం. ఆ సైనికుడి పేరు స్కేవా, వీడియోలో అతని గురించి చెప్పినవి చాలావరకు నిజమే కూడా. కానీ ఆ కథ నుంచి తీయాల్సిన పాఠం వీడియో తీసిన పాఠానికి సరిగ్గా ఎదురుగా ఉందని నా గట్టి నమ్మకం. రోమన్ సైన్యం అన్ని వందల ఏళ్ళు గెలిచింది సైనికులు అలుపునీ గాయాల్నీ ఓర్చుకున్నందుకంటే, వీలైనంత వరకు ఓర్చుకోవాల్సిన అవసరం రాకుండా ఏర్పాట్లు చేసుకున్నందుకు. ఒళ్ళు గగుర్పొడిచే వీరగాథలన్నీ ఆ ఏర్పాటు ఎక్కడ తెగిందో అక్కడ పుట్టినవే.

ముందు ఆ డాలు సంగతి

క్రీ.పూ. 48. ఇప్పటి అల్బేనియాలో డుర్రెస్ అనే రేవు ఉంది, అప్పట్లో డిర్రాకియం. అక్కడ రోమన్ సేనాని సీజర్ చేసిన పని చూడండి. రోమన్ల అంతర్యుద్ధంలో తన ప్రత్యర్థి, తనకన్నా పెద్ద సైన్యం ఉన్న పాంపేని చుట్టుముట్టి గోడ కట్టడం మొదలుపెట్టాడు. గోడ పొడవు 17 రోమన్ మైళ్ళు. లోపల ఉన్న పాంపేకి సముద్రం మీద ఓడల్లో తిండి వస్తోంది. బయట ముట్టడి వేసిన సీజర్ మనుషులు ‘చారా’ అనే ఏదో దుంపని పాలల్లో కలిపి రొట్టెలు చేసుకుని తింటున్నారు. చుట్టుముట్టినవాడు పస్తు, చిక్కుకున్నవాడికి విందు. ఆ రొట్టె చూసి పాంపే, నేను పోరాడుతున్నది మృగాలతోనా అన్నాడట. తన సైనికుల కంట పడితే బెంబేలెత్తుతారని దాన్ని వెంటనే దాచెయ్యమన్నాడట కూడా.

అంత పొడుగు గోడకి కాపలా పెట్టాలంటే ఒక్కో బురుజుకి ఎంతమంది మిగులుతారు? ఒక చోట ఒకే ఒక్క కోహోర్ట్ ఉంది. కాగితం మీద కోహోర్ట్ అంటే 480 మంది. కానీ కొద్దివారాల తరవాత గ్రీసులోని ఫార్సాలస్‌లో తన దగ్గర 80 కోహోర్టులు కలిపి 22,000 మంది ఉన్నారని సీజరే రాసుకున్నాడు, అంటే సగటున 275 మంది. ఆ లెక్కన ఆ బురుజులో మూడు వందలమంది ఉన్నారనుకుందాం. వాళ్ళ మీదకి నాలుగు లీజియన్లు (లీజియన్ అంటే పది కోహోర్టుల దళం) వచ్చి పడ్డాయి. కొన్ని గంటల తరవాత రెండు లీజియన్లు సాయానికి వచ్చేసరికి బురుజులో గాయం కాని సైనికుడు లేడు. ఒక్క కోహోర్ట్‌లోనే నలుగురు సెంచూరియన్ల (కోహోర్ట్‌లోని చిన్న దళాల నాయకుల) కళ్ళు పోయాయి. లోపల పడ్డ బాణాలు లెక్కపెడితే 30,000 తేలాయి. (గాయాలతో ఉన్నవాళ్ళ చేత బాణాలు కూడా లెక్కపెట్టించారన్నమాట. ఆ పని ఎవరికి పడిందో పాపం.) స్కేవా అనే సెంచూరియన్ డాలుని సీజర్ ముందుకి తెచ్చి చూపించారు, 120 చిల్లులు. సీజర్ అతనికి రెండు లక్షల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇచ్చి, ఏకంగా లీజియన్‌లో మొదటి సెంచూరియన్‌ని చేశాడు. కోహోర్ట్ మొత్తానికి రెట్టింపు జీతం, తిండిగింజలు, బట్టలు.

వీడియో ఇక్కడ ఆగిపోతుంది. చరిత్ర ఆగదు. కొన్నాళ్ళకే పాంపే ఆ గోడకి దక్షిణాన, పని పూర్తికాని చోట, విరుచుకుపడి బయటికి వచ్చేశాడు. ఆ ఒక్కరోజు సీజర్ 960 మంది సైనికుల్ని పోగొట్టుకున్నాడు, వాళ్ళు కాక 32 మంది అధికారులు. ముట్టడి ఎత్తేసి వెళ్ళిపోవాల్సి వచ్చింది. అంటే స్కేవా కన్ను, ఆ నలుగురి కళ్ళు, ఆ 30,000 బాణాలు అన్నీ చేతకాని పథకం మీద పోసిన ఖర్చు. ఆ రోజు స్కేవా నిలబడకపోతే పథకం ఇంకొంచెం ముందే కూలేది, అంతే తేడా. స్కేవా గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. మూడు వందలమందిని నాలుగు లీజియన్లకి ఎదురుగా పెట్టినవాడెవడు అని మాత్రం అడుగుతున్నాను. ఆ మాట ఈ యుద్ధం గురించిన పుస్తకంలో ఉండదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసినవాడే సీజర్.

ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగినవాళ్ళు

అదే ఏడాది, అవే సైన్యాలు, ఫార్సాలస్ మైదానం. ఈసారి పాంపే తన సైనికులకి ఒక ఆజ్ఞ ఇచ్చాడు: మీరు కదలొద్దు, ఉన్నచోటే నిలబడండి. ఎందుకంటే మామూలుగా రెండు పక్షాలూ ఎదురెదురుగా పరిగెత్తి మధ్యలో ఢీకొంటాయి. వీళ్ళు కదలకపోతే సీజర్ మనుషులు రెట్టింపు దూరం పరిగెత్తాలి. కవచం, డాలు, ఈటెలతో అంత దూరం వస్తే ఆయాసపడి కత్తి ఎత్తే ఓపిక ఉండదని లెక్క.

సీజర్ మనుషులు పరుగు మొదలుపెట్టారు. సగం దూరం వచ్చాక ఎదుటివాళ్ళు కదలడం లేదని గమనించారు. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, వరస మొత్తం ఆగిపోయింది. శత్రువు కళ్ళెదురుగా, మైదానం నడుమ, వేలమంది నిలబడి ఊపిరి తీసుకున్నారు. వరసలు సరిచేసుకున్నారు. మళ్ళీ పరుగందుకుని, ఈటెలు విసిరి, కత్తులు దూశారు. రోమన్ యుద్ధాల గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చే దృశ్యం ఇదే. ఏళ్ళ తరబడి యుద్ధాల్లో నలిగినవాళ్ళు కాబట్టే వాళ్ళకి ఆ తెలివి వచ్చిందని సీజర్ కూడా ఒప్పుకున్నాడు. అలుపుని ఓర్చుకుని దూకేయడం కొత్తవాడి లక్షణం, ఆగాల్సిన చోట ఆగడం పాతకాపు లక్షణం. ఆ తరవాత కూడా, అంతవరకు కదపకుండా ఉంచిన మూడో వరసని సీజర్ చివర్లో వదిలాడు. అలిసినవాళ్ళ స్థానంలోకి తాజాగా ఉన్నవాళ్ళు వచ్చేసరికి పాంపే సైన్యం తట్టుకోలేక వెనుదిరిగింది.

ఈ మూడు వరసల పద్ధతి అంతకుముందు ఎప్పటిదో. పాత రోమన్ సైన్యంలో ముందు కుర్రవాళ్ళు, వాళ్ళ వెనక కాస్త ముదురు, ఆఖర్న బాగా అనుభవం ఉన్న ట్రియారీలు. ముందు వరస అలిసిపోతే పరిగెత్తకుండా మెల్లగా రెండో వరస సందుల్లోంచి వెనక్కి వస్తుంది. ట్రియారీలు అంతసేపూ ఎడమ కాలు ముందుకి చాపి, మోకాలి మీద కూర్చుని, డాలు భుజానికి ఆనించి ఉంటారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. యుద్ధం జరుగుతుంటే కూర్చోబెట్టడం! గెలుపు వాళ్ళ దాకా వెళ్ళకుండానే తేలిపోవాలని అందరి కోరిక. పని ట్రియారీల దాకా వచ్చింది అంటే కష్టం ముదిరిందని రోమ్‌లో వాడుక. ఈ వరసల మార్పిడి నిజంగా ఎలా జరిగేదని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు కానీ, అలుపు అనేది సేనాపతి లెక్కలో ఉండే వస్తువు అన్నదాంట్లో గొడవ లేదు.

ఈ ముక్క మావాడికి ఫోన్లో చెబితే, ‘నీకన్నీ పుస్తకాల్లోవే దొరుకుతాయన్నా’ అన్నాడు. వాళ్ళకి గ్రౌండ్‌లో శిక్షణ ఇచ్చేది ఒక రిటైర్డ్ హవల్దారు. ఆయన ఆదివారం ఎవరైనా గ్రౌండ్‌లో కనిపిస్తే తిట్టి పంపేస్తాడు. ‘మరి ఆయన్ని అడుగు’ అన్నాను. అడిగాడో లేదో తెలీదు. కాలు మాత్రం ఇంకా తగ్గలేదు.

ఓర్పు ఉండీ ఓడిన రోజు

ఓర్పే గెలిపించేదైతే క్రీ.పూ. 218 డిసెంబరులో ట్రెబియా నది దగ్గర రోమన్లు గెలవాలి. ఆ రోజు మంచు పడుతోంది. రోమ్ మీదకి దండెత్తి వచ్చిన కార్తేజ్ సేనాని హానిబల్ తెల్లవారుతూనే గుర్రపు దళాన్ని పంపి రోమన్ శిబిరాన్ని కెలికించాడు. కాన్సుల్ (రోమ్‌లో ఏడాదికి ఇద్దరు ఎన్నికయ్యే పాలకుల్లో ఒకడు) సెంప్రోనియస్ తొందర మనిషి. అతని సాటి కాన్సుల్ స్కిపియో అంతకుముందు పోరులో గాయపడి ఉన్నాడు, చలికాలం పోనిద్దాం, కొత్తవాళ్ళకి శిక్షణ ఇద్దాం అంటున్నాడు. సెంప్రోనియస్ వినలేదు. సైన్యాన్ని పొద్దుటి తిండి కూడా తిననివ్వకుండా బయటికి నడిపించి నది దాటించాడు. రొమ్ముల దాకా నీళ్ళు, గడ్డకట్టే చలి. ఒడ్డెక్కేసరికి ఆయుధం పట్టుకోవడానికి వేళ్ళు పనిచేయలేదు. ఆకలి, నీరసం.

అవతల హానిబల్ మనుషులు అప్పటికే తిన్నారు. గుడారాల ముందు నెగళ్ళు వేసుకుని, పంచిపెట్టిన నూనె ఒంటికి రాసుకుని కీళ్ళు సడలించుకుంటున్నారు. నాకు ఈ నూనె దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. వేలమందికి యుద్ధం రోజు పొద్దున నూనె పంచాలంటే ముందురోజే ఎవరో దాని గురించి ఆలోచించి ఉండాలి. ఏనుగుల్ని ఆల్ప్స్ దాటించడం గురించి ఇన్ని బొమ్మలు వేశారు, ఈ నూనె గురించి ఒక్కటీ చూడలేదు.

ఆ తరవాత జరిగింది ఊహించవచ్చు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ దుస్థితిలో కూడా నడుమ ఉన్న దాదాపు 10,000 మంది రోమన్లు ఎదుటి వరసని చీల్చుకుని ప్లాసెంటియా పట్టణానికి చేరుకున్నారు. ఓర్పు వాళ్ళలో లోటు లేదు. లోటు తిండిలో ఉంది.

మరి ఆపద వస్తే?

నా వాదానికి గట్టి ఎదురుదెబ్బ ఇక్కడుంది, దాటవేయను. ఏర్పాట్లు ఎంత బాగున్నా ఎప్పుడో ఒకసారి తెగుతాయి. ఆ క్షణంలో గాయంతో నిలబడేవాడు లేకపోతే ఏర్పాటు మళ్ళీ అతుక్కునేదాకా కాపాడేదెవరు?

ఇందుకు బాకులస్ కన్నా మంచి ఉదాహరణ లేదు. క్రీ.పూ. 57లో సాంబ్ర్ నది పోరులో ఒంటినిండా గాయాలతో నిలబడలేకపోయిన సీజర్ సెంచూరియన్ ఇతను. నాలుగేళ్ళ తరవాత గాల్ దేశంలో అటుయాటుకా శిబిరంలో జబ్బుపడి ఉన్నాడు. ఐదు రోజులుగా తిండి లేదు. హఠాత్తుగా జర్మన్ రౌతులు శిబిరం మీద పడ్డారు. బాకులస్ ఆయుధం లేకుండానే గుడారంలోంచి బయటికొచ్చి చూశాడు. శత్రువు గుమ్మం దగ్గరికి వచ్చేశాడు. పక్కవాళ్ళ చేతిలో ఆయుధాలు లాక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. కాపలా కోహోర్ట్ సెంచూరియన్లు అతన్ని చూసి వెంట వచ్చారు. కొద్దిసేపు కాచారు. పెద్ద గాయాలు తగిలి బాకులస్ స్పృహ తప్పితే, చేతులు మార్చుకుంటూ వెనక్కి లాగి ఎలాగో బతికించారు. ఆ కాస్త వ్యవధిలో మిగతావాళ్ళు తేరుకుని గోడెక్కారు. శిబిరం దక్కింది.

ఇది చదివి చలించనివాడు ఉండడు, నేనూ చలించాను. కానీ పేజీలు కొంచెం వెనక్కి తిప్పండి. సైనికుల్ని శిబిరం దాటనివ్వొద్దని సీజర్ గట్టిగా చెప్పి వెళ్ళాడు. శిబిరాధికారి క్వింటస్ సిసిరో (వక్త సిసిరో తమ్ముడు) ఆరు రోజులు ఆగి, ఏడో రోజు సైనికుల సణుగుడు పడలేక, ఐదు కోహోర్టుల్ని పొలాల్లో పంట కోసుకురమ్మని పంపేశాడు. జబ్బు తగ్గినవాళ్ళు ఇంకో మూడు వందలమంది వాళ్ళతో పోయారు. ఆ ఖాళీలో జర్మన్లు వచ్చారు. సీజర్ తిరిగొచ్చి అదే తప్పు ఎత్తి చూపాడు. మంచంలో ఉండాల్సిన మనిషి గుమ్మంలో ఎందుకు నిలబడాల్సి వచ్చిందో రాసినవాడే చెప్పాడు, మనం మాత్రం గుమ్మం ఒక్కటే గుర్తుపెట్టుకుంటాం.

అయినా నా సందేహం పూర్తిగా పోలేదు. క్రీ.పూ. 36లో రోమ్‌కి శత్రురాజ్యమైన పార్థియా నుంచి వెనక్కి వస్తూ రోమన్ సేనాని ఆంటొనీ ఒకరోజు 5,000 మంది గాయపడ్డవాళ్ళ మధ్య ఏడుస్తూ తిరిగాడని ప్లూటార్క్ రాశాడు. వాళ్ళే ఆయన చెయ్యి పట్టుకుని, మీరు వెళ్ళి విశ్రాంతి తీసుకోండి, మా కోసం బాధపడకండి అని ఊరడించారట. దీన్ని భయమనీ, బలవంతమనీ కొట్టిపారేయలేను. నాయకుడి మీద, పక్కవాడి మీద ప్రేమ నిజమే. కాకపోతే అదే ప్లూటార్క్, అదే పార్థియా, దానికి పదిహేడేళ్ళ ముందు: కారే దగ్గర ఓడిపోయిన క్రాసస్ సైన్యం రాత్రికి రాత్రి చప్పుడు చేయకుండా జారుకోబోయింది. వదిలేసి పోతున్నారని గాయపడ్డవాళ్ళకి అర్థమై ఏడ్పులు మొదలయ్యాయి. అలా మిగిలిపోయిన 4,000 మందిని పార్థియన్లు మర్నాడు చంపేశారు. గాయపడ్డవాడు నవ్వాడా ఏడ్చాడా అన్నది అతని గుండెధైర్యం మీద ఎంత ఆధారపడిందో, తనని మోసుకెళ్తారా లేదా అన్నదాని మీదా అంతే ఆధారపడింది.

కళ్ళకలక వచ్చినా లెక్కే

ఉత్తర ఇంగ్లండులో విండోలాండా అనే రోమన్ కోట తవ్వకాల్లో పల్చటి చెక్క ముక్కల మీద సిరాతో రాసిన కాగితాలు, అంటే చెక్కలు, దొరికాయి. క్రీ.శ. 1వ శతాబ్దం చివరి, 2వ శతాబ్దం మొదటి కాలానివి. వాటిలో ఒకటి ఒక మే 18 నాటి హాజరు పట్టీ. దళంలో మొత్తం 752 మంది. వేరే వేరే పనుల మీద బయట ఉన్నవాళ్ళు 456. కోటలో ఉన్నవాళ్ళు 296. అందులో పనికి పంపకూడనివాళ్ళు 31: జబ్బు 15, గాయాలు 6, కళ్ళకలక 10. పోరాటానికి పనికొచ్చేవాళ్ళు 265.

వీడియో చేసినవాళ్ళకి ఈ చెక్క చూపించాలని ఉంది. కళ్ళు ఎర్రబడ్డ పదిమందికి కూడా ఒక గడి కేటాయించి పక్కన పెట్టారు. ‘ఓర్చుకో’ అనలేదు. లీజియన్ల పెద్ద కోటల్లో ఆసుపత్రులు కూడా ఉండేవి, నడుమ వాకిలి, చుట్టూ వసారా, వసారా వెంట చిన్న చిన్న గదులు. స్కాట్లాండులో ఇంచ్‌టుథిల్ దగ్గర పునాదులు బయటపడ్డాయి. ఒంట్లో దిగిన బాణాన్ని ఎటు వైపు నుంచి లాగాలి, ములుకులుంటే ఏం చేయాలి, రక్తం ఆగకపోతే నాళాన్ని రెండు చోట్ల ఎలా కట్టాలి, ఇవన్నీ రోమన్ రచయిత సెల్సస్ తన వైద్య గ్రంథంలో రాసిపెట్టాడు. శస్త్రవైద్యుడికి జాలి ఉండాలట, కానీ రోగి అరుపులకి కంగారుపడి తొందరగా ముగించడమో, కోయాల్సినదానికన్నా తక్కువ కోయడమో చేయకూడదట. మత్తుమందు లేని రోజుల్లో ఆ మాట ఎవరి ఒంటి మీద అమలైందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

ఇదంతా దయ అనుకోకండి. రాత్రి కాపలాలో నిద్రపోయిన సైనికుణ్ణి తోటివాళ్ళ చేతే కర్రలతో, రాళ్ళతో కొట్టించి చంపేవారని పాలిబియస్ రాశాడు. నిద్ర ఎప్పుడు పోవాలో సైన్యం చెబుతుంది, ఒళ్ళు చెప్పడానికి వీల్లేదు. రాత్రిని నాలుగు జాములుగా పంచి కాపలా మార్చేది కూడా పొద్దున పోరాడే మనిషి మిగలాలని. శిక్షణ పొందిన సైనికుడు ఖరీదైన సరుకు, అరగదీసుకోకుండా వాడుకోవాలి. అంతవరకే.

అసలు అరుగుదల ఎక్కడంటే

ఈ లెక్క ఒక రోజు యుద్ధానికి బాగా పనిచేసింది. ఒక జీవితానికి పనిచేయలేదు. క్రీ.శ. 14లో ఆగస్టస్ చక్రవర్తి చనిపోగానే డాన్యూబ్ వైపు పనోనియాలోనూ, రైన్ వైపూ లీజియన్లు తిరగబడ్డాయి. పనోనియాలో పెర్సెనియస్ అనే మామూలు సైనికుడు లేచి మాట్లాడాడు. ముప్ఫై నలభై ఏళ్ళు కొలువు చేసి ముసలివాళ్ళయ్యాం, చాలామందికి ఒళ్ళంతా గాయాలే, రోజుకి పది ఆస్‌లు (చిన్న నాణేలు) జీతం, అందులోనే బట్టలు, ఆయుధాలు, గుడారాలు, సెంచూరియన్ కొట్టకుండా ఉండటానికి లంచం, ఆఖర్న పొలం అని చెప్పి బురదగుంటో కొండరాయో చేతిలో పెడతారు అన్నాడు. ఆ మాటలు చరిత్రకారుడు టాసిటస్ అల్లినవే కావచ్చు, గొడవ మాత్రం అల్లింది కాదు. ఒక సెంచూరియన్‌కి సైనికులు పెట్టుకున్న పేరు ‘ఇంకోటి తే’. వీపు మీద ఒక బెత్తం విరిగితే వెంటనే ఇంకోటి అడిగేవాడట. అతన్ని ఆ తిరుగుబాటులో చంపేశారు.

రైన్ దగ్గరికి అక్కడి సేనాపతి జర్మానికస్ వచ్చాడు. సైనికులు చుట్టూ మూగారు. కొందరు ముద్దుపెట్టుకుంటున్నట్టు ఆయన చెయ్యి అందుకుని, వేళ్ళు తమ నోట్లో పెట్టుకున్నారు. పళ్ళు లేని చిగుళ్ళు ఆయనకి తగలాలని. కొందరు వంగిపోయిన కాళ్ళూ చేతులూ చూపించారు. తరవాత ఆయన మాట్లాడుతుంటే బట్టలు విప్పి, ఒక పక్క యుద్ధంలో తగిలిన గాయాల మచ్చలు, ఇంకో పక్క బెత్తం దెబ్బల వాతలు చూపించారు. స్కేవా డాలు చూపించినట్టే వీళ్ళు ఒళ్ళు చూపించారు. స్కేవాకి బహుమతి వచ్చింది. వీళ్ళు అడిగింది పదహారేళ్ళకి ఇంటికి పంపమని.

జర్మానికస్ కొత్త చక్రవర్తి టైబీరియస్ పేరుతో ఒక ఉత్తరం పుట్టించాడు. ఇరవయ్యేళ్ళు చేసినవాళ్ళకి పూర్తి సెలవు, పదహారేళ్ళు దాటినవాళ్ళకి శత్రువు మీదకొస్తే ఎదుర్కోవడం తప్ప వేరే పని ఉండదు అని. గొడవ చల్లారింది. మరుసటి ఏడాది రోమ్‌లో జనం వేరే విషయం మీద మొరపెట్టుకున్నారు, అమ్మకాల మీద ఒక శాతం పన్ను తీసేయమని. టైబీరియస్ ఒప్పుకోలేదు. సైనిక ఖజానా నడిచేదే ఆ పన్ను మీద, పైగా ఇరవయ్యేళ్ళకన్నా ముందు సైనికుల్ని వదిలేస్తే రాజ్యం ఆ భారం మోయలేదు అని ప్రకటించాడు. పదహారేళ్ళ హామీ ఆ ప్రకటనతోనే రద్దయింది.